ఆకు ముడత పడితే దాహమేనా?

మట్టివాసన: జేడ్ మొక్క ఆకులు ముడతలు పడ్డాయి. దాహమనుకుని వారం పాటు రోజూ నీళ్లు పోశాను. ఇప్పుడు మెత్తబడి, తాకితే రాలిపోతున్నాయి. నీళ్లు దాచుకునే మొక్కకు ఇదేం తెగులు?

ముళ్లకంప: కుండీలో వేలు పెట్టి చూడండి. మట్టి తడిగా ఉన్నా ఆకు వాడిందంటే వేళ్లు కుళ్లినట్టే. తాగే నోరే లేనప్పుడు ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభం? నా దగ్గర ఇలాగే మూడు పోయాయి, ఒకటి బతికింది.

నిదానం: ముడత దానంతట అది జబ్బు కాదండీ. కలబంద మట్టను అడ్డంగా కోస్తే అంచున సన్నటి పచ్చని పొర, లోపలంతా రంగులేని జిగురు కనిపిస్తాయి. ఆ లోపలి కణాలే నీటి తొట్టి. వాటి గోడలు పలుచన కాబట్టి కరువులో ముడుచుకుని, ఉన్న నీటిని, ఆహారం వండే పచ్చని పొరకు వదులుతాయి. తొట్టి ఖాళీ అవుతున్నా వంటగది నడుస్తూనే ఉంటుంది.

వేకువ: పొదుపు కూడా ఉంది. ఇలాంటి మొక్కలు చాలావరకు ఆకురంధ్రాలను పగలు మూసి రాత్రి తెరుస్తాయి. అప్పుడు పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లమనే పుల్లటి పదార్థంగా దాచి, వెలుతురు వచ్చాక వాడుకుంటాయి. రణపాల ఆకు పొద్దున పుల్లగా ఉండి, మధ్యాహ్నానికి ఆ పులుపు పోతుందని వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హేన్ రాసిన లేఖ 1815లోనే అచ్చయింది. నమ్మలేక తెల్లవారుజామున ఓ ఆకు కొరికి ఉమ్మేశాను. పళ్లు పులిశాయి! (మీరు కొరకకండి, వీటిలో విషపు మొక్కలూ ఉన్నాయి.)

చవుడు: ఎడారి మొక్కలే కదా అని నేను కాక్టస్‌లకు ఉప్పు బోరునీళ్లు పోశాను. కుండీ అంచున తెల్లగా పేరుకుంది, మొక్కలు ఎదగడం మానేశాయి.

నిదానం: ఎండకు ఓర్చుకోవడం వేరు, ఉప్పుకు ఓర్చుకోవడం వేరు. ఉప్పు మట్టిలో తడి ఉన్నా వేరు దాన్ని లాక్కోలేదు. తీరప్రాంతంలో పెరిగే సాలికోర్నియా అనే మొక్క ఉప్పును లోపలికి రానిచ్చి, కణాల్లోని రిక్తికల్లో, అంటే నీటి సంచుల్లో, బంధిస్తుంది. ఆ ఉప్పే నీటిని లాగుతుంది, వచ్చిన నీరు ఉప్పును పలచన చేస్తుంది. కాండం ఉబ్బేది అందుకే. మంచు మొక్క (ఐస్ ప్లాంట్) అయితే ఆకు మీద బుడగల్లాంటి కణాల్లోకి ఉప్పును తోసేస్తుంది. అంతేకాదు, ఉప్పు పెరిగితే వేకువగారు చెప్పిన రాత్రి పద్ధతికి మారిపోతుంది. మీ కాక్టస్‌లకు ఈ ఏర్పాట్లు లేవు. అడుగు నుంచి కారేదాకా వాననీళ్లు పోసి ఉప్పు కడిగేయండి.

మట్టివాసన: కుండీ తిరగేశాను. వేళ్లు నల్లగా ఉన్నాయి, లాగితే తొక్క ఊడివచ్చింది. గట్టిగా ఉన్న కొమ్మ ఒక్కటే దొరికింది, కోసి నీడన పెట్టాను. ఎప్పుడు నాటాలి?

ముళ్లకంప: కోసిన చోట ఎండి పొర కట్టాక. అప్పటిదాకా నీళ్ల చెంబు ఎవరికైనా ఇచ్చేయండి.