చిన్న కారుతో తెరచాప పడవను లాగవచ్చా?

ప్రశ్న (తిరుపతి):

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో ఉద్యోగం చేసిన రోజుల్లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాను. పదవీ విరమణ చేసి తిరుపతిలో స్థిరపడ్డాక ఆ కోరిక మళ్లీ లేచింది. చెన్నైలో ఒకరు పదహారడుగుల ఫైబర్ పడవను ట్రైలర్‌తో సహా అమ్ముతున్నారు. పడవ బరువు 260 కిలోలని చెప్పారు. నా దగ్గర 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను ఉన్న స్విఫ్ట్ ఉంది. దాని బరువు సుమారు 900 కిలోలు. పడవను పుత్తూరు మీదుగా ఇంటికి తెచ్చుకుని, నెలకు రెండుసార్లు శ్రీకాళహస్తి, తడ మార్గంలో పులికాట్ సరస్సుకు తీసుకువెళ్లాలని నా ఆలోచన. నలుగురు మనుషులతో, నిండు సామానుతో తిరుమల ఘాట్ ఎక్కే కారు 260 కిలోల పడవను లాగలేదా అని నాకనిపిస్తోంది. మా అబ్బాయి మాత్రం గట్టిగా వద్దంటున్నాడు. అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు 1 (చిత్తూరు, మెకానిక్):

అయ్యా, మీ ఇంజను ఆ బరువును లాగుతుంది. నా భయమంతా దాన్ని ఆపే దగ్గరే. ముందుగా లెక్క సరిచేసుకుందాం. 260 కిలోలు ఖాళీ పడవ బరువు. మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం), తెరచాపలు, చుక్కాని, లంగరు, తాళ్లు కలిపి మరో 60, పడవకు తగిలించే చిన్న ఇంజను 25, ఇనుప ట్రైలర్ 150 వేసుకున్నా మీ కారు వెనుక వచ్చేది దాదాపు 500 కిలోలు. బ్రిటన్‌లో సొంత బ్రేకులు లేని ట్రైలర్ కారు బరువులో సగాన్ని గానీ 750 కిలోలను గానీ, ఏది తక్కువైతే దాన్ని, మించకూడదని నియమం. ఆ ప్రకారం మీకు 450 కిలోలే హద్దు.

తిరుమల ఎక్కే కారుతో పోలిక ఇక్కడ కుదరదు. లోపల కూర్చున్న మనుషుల బరువు మీ కారు చక్రాల మీదే పడుతుంది కనుక రోడ్డు మీద టైర్ల పట్టు కూడా దానితోపాటు పెరుగుతుంది. ట్రైలర్ బరువు దాని సొంత చక్రాల మీద ఉంటుంది, ఆ చక్రాలకు బ్రేకు ఉండదు. మీరు పెడలు తొక్కిన ప్రతిసారీ అది వెనుకనుంచి మిమ్మల్ని తోస్తుంది.

ఇది పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు. చాలా ఏళ్ల క్రితం జనరేటరు ఎక్కించిన బ్రేకుల్లేని ట్రైలర్‌ను జీపుకు తగిలించి పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగాను. రెండో గేరులో దిగవలసిన చోట తొందరపడి నాలుగో గేరులో దిగుతూ బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. సగం దారిలో కాలిన వాసన వచ్చింది, ఆ వెంటనే పెడలు మెత్తబడి కాలి కింద అడుగుదాకా వెళ్లిపోయింది. గేర్లు తగ్గించుకుంటూ, పక్కనున్న మట్టిగట్టుకు చక్రం రాపిడి చేసి ఆపగలిగాను. ఆగాక కూడా చాలాసేపు స్టీరింగు మీదనుంచి చేతులు తీయలేకపోయాను. మీ దారిలో అలాంటి ఘాట్ లేకపోవడం మంచిదే, అయినా హైవే మీద ముందు లారీ ఒక్కసారిగా ఆగితే లెక్క అదే. 80 కిలోమీటర్ల వేగాన్ని 60కి తగ్గిస్తే బ్రేకులు మింగవలసిన శక్తి 44 శాతం తగ్గుతుంది. లాగక తప్పకపోతే 60 దాటకండి.

ట్రైలర్ తగిలించే హుక్కును బంపరుకు వెల్డింగ్ చేయించవద్దు. అది ఛాసిస్‌కు, అంటే కారు అడుగు చట్రానికి, బోల్టులతో బిగించవలసిన వస్తువు. కారుతో వచ్చిన పుస్తకంలో టోయింగ్ (ట్రైలర్ లాగడం) గురించి ఏమి రాశారో చదివాకే ఆ పని మొదలుపెట్టండి.

జవాబు 2 (శ్రీకాళహస్తి, రైతు):

పై సోదరుడు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఎద్దుల బండికి లోడు ఎత్తినవారికి ఇది తెలిసే ఉంటుంది. వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు నొక్కుతుంది, ముందు మరీ ఎక్కువైతే మెడ మీద కూర్చుంటుంది. ఇరుసుకు ముందు కొంచెం మొగ్గు ఉండేలా సర్దాలి. కారు ట్రైలర్‌కూ అదే సూత్రం. మొత్తం బరువులో ఏడు నుంచి పది శాతం, అంటే మీ 500 కిలోలకు 35 నుంచి 50 కిలోలు, హుక్కు మీద పడాలి. అంతకంటే తక్కువైతే వేగం పెరిగినకొద్దీ ట్రైలర్ తోకలా ఊగడం మొదలుపెట్టి కారునే అటూ ఇటూ తిప్పేస్తుంది. ఊగితే బ్రేకు తొక్కవద్దు, ఎదురు తిప్పవద్దు. యాక్సిలరేటరు వదిలి స్టీరింగును నిటారుగా పట్టుకోవాలి.

మొత్తం బరువు కోసం ట్రైలర్‌ను మాత్రమే లారీలు తూచే వేబ్రిడ్జి మీదకు ఎక్కించండి. హుక్కు మీది బరువుకు మాత్రం ఇంట్లో మనుషులు తూగే మిషను చాలు. ట్రైలర్‌ను సమంగా నిలిపి దాని ముక్కును మిషను మీద ఆనించండి.

జవాబు 3 (సూళ్లూరుపేట):

రోడ్డు సరే, నీటి దగ్గర సంగతి ఆలోచించారా? పడవను తిరిగి పైకి లాగేటప్పుడే కారుకు అసలు కష్టం. మీ కారును లాగేవి ముందు చక్రాలు. హుక్కు మీది బరువు కారు వెనుకభాగాన్ని కిందికి నొక్కి ముందుభాగాన్ని తేలిక చేస్తుంది. తడిసిన వాలు మీద ఆ చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, క్లచ్ ప్లేటు కాలిపోతుంది. పైగా హైవే మీద వేడెక్కిన ట్రైలర్ చక్రాల బేరింగులను అలాగే ఉప్పునీటిలో ముంచితే అవి ఒక్కసారిగా చల్లబడి నీటిని లోపలికి పీల్చుకుంటాయి. గ్రీజు పోయిన బేరింగు తిరుగు ప్రయాణంలో పట్టేస్తుంది.

పులికాట్ పక్షుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా పడవ దించకూడదు. సరస్సు సగటు లోతు ఒక మీటరే కనుక మీ పడవ సెంటర్‌బోర్డ్ (పడవ పక్కకు జారకుండా అడుగునుంచి నీటిలోకి దించే పలక) ఎంత కిందికి దిగుతుందో ముందే కొలవండి. 1988 మోటారు వాహనాల చట్టం 61వ సెక్షను ప్రకారం ట్రైలర్‌కు కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. అమ్మేవారిని ఆర్‌సీ అడగండి.

నా అభిప్రాయం అడిగితే, నెలకు రెండు రోజుల కోసం రానూపోనూ 180 కిలోమీటర్లు పడవను ఈడ్చుకుని తిరగడం దేనికి? తడ దగ్గర తెలిసినవారి ఆవరణలో ఉంచండి. అక్కడినుంచి నీటిదాకా అద్దె ట్రాక్టరు లాగుతుంది. బురదలో దాని పెద్ద చక్రాలకు ఉన్న పట్టు మన కార్లకు రాదు.

ప్రశ్న అడిగినవారు:

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న చెన్నై వెళ్లి ట్రైలర్‌ను వేబ్రిడ్జి మీద పెట్టించాను, 530 కిలోలు వచ్చింది. ఇంజను పడవ వెనుకవైపు చెక్కకు వేలాడుతూ ఉన్నందువల్ల ముక్కు మీద తూగింది 14 కిలోలే. ట్రైలర్‌కు బ్రేకులు లేవు, ఎడమ చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పితే ఇసుక నూరిన చప్పుడు వచ్చింది. ఇలాంటి దాన్ని నా కారుకు తగిలించే ఆలోచన అక్కడే మానుకున్నాను.

పడవ మాత్రం బాగుంది, కొంటున్నాను. రెండు బేరింగులూ మార్పించి, ఆర్‌సీ చేతికిచ్చాకే మిగతా డబ్బు ఇస్తానని చెప్పాను. పడవను లారీలో తడకు చేర్పిస్తాను, అక్కడ మా బంధువుల ఇంటి వెనుక ఖాళీ స్థలం ఉంది. అటవీశాఖ కార్యాలయానికి సోమవారం వెళ్తున్నాను. అనుమతి వచ్చిన రోజున ఇంజనునూ తెరచాపలనూ స్విఫ్ట్ డిక్కీలో వేసుకుని బయలుదేరుతాను.