ఏది మొదలుపెట్టినా వారం దాటట్లేదు, పర్సనల్ కోచ్‌ని పెట్టుకుంటే ఉపయోగం ఉంటుందా?

తెనాలి_ప్యాసింజర్:

అందరికీ నమస్కారం. బ్యాంకులో క్లర్కుగా చేస్తున్నాను. ఇల్లు తెనాలి, బ్రాంచి విజయవాడ, రోజూ రైల్లోనే పోయి వస్తాను. బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ పరీక్ష రాయాలి. నాలుగు పేపర్లు, పాసైతే ఇంక్రిమెంట్ వస్తుంది, రేపు ప్రమోషన్‌కీ పనికొస్తుంది, ఇవేవీ తెలియక కాదు. నాతోపాటు చేరినవాళ్లు అది పూర్తిచేసి, దాని తర్వాతి మెట్టు సీఏఐఐబీకి చదువుతున్నారు. నా పుస్తకాలు మాత్రం కొన్న సంచిలోంచి ఇంకా బయటికి రాలేదు.

నాలుగున్నరకి అలారం పెట్టుకుంటాను. మొదటి రెండు రోజులు బాగానే లేస్తాను. ఆ తర్వాత బాబుకి జలుబు చేసో, అత్తయ్యకి మోకాళ్ల నొప్పి ఎక్కువయ్యో, బ్రాంచిలో క్యాష్ టాలీ కాక ఇంటికి ఆలస్యంగా చేరో, ఏదో ఒక కారణంతో ఒక రోజు తప్పుతుంది. ఇక అంతే, ఎలాగూ పోయింది కదా, సోమవారం నుంచి కొత్తగా మొదలుపెడదాం అనుకుంటాను. ఆ సోమవారాలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. వాకింగ్ సంగతీ ఇంతే. ఇంట్లో నాకు ఆరంభశూరురాలు అని పేరు కూడా పెట్టేశారు. రాత్రి పడుకున్నాక మోటివేషన్ వీడియోలు చూస్తాను, చూస్తున్నంతసేపూ రేపట్నుంచి ఇరగదీసేస్తాననిపిస్తుంది, తెల్లారితే మళ్లీ పాత కథే.

కొలీగ్ ఒకావిడ ఆన్‌లైన్‌లో పర్సనల్ కోచ్‌ని పెట్టుకోమంటోంది. మా ఆయనేమో "డబ్బులిచ్చి మరీ తిట్టించుకోవడం దేనికి, నేను ఫ్రీగా తిడతాగా" అంటున్నారు. నిజంగా ఉపయోగం ఉంటుందా? అసలు లోపం నాలోనే ఉందా?

---

పెద్దబాలశిక్ష:

ఫోన్ అవతల పెట్టి పుస్తకం తియ్యమ్మా. కోచ్ చెప్పేదీ అదే, కాకపోతే మూడు సెషన్లలో చెప్తాడు.

---

ఒక_కోచ్:

పైనాయన చెప్పినదాంట్లో సగం నిజముంది కాబట్టి కోపం తెచ్చుకోను. నా వృత్తి ఇదే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగమూ సంసారమూ రెండూ లాగుతూ మధ్యలో ఇంకేదో సాధించాలనుకునేవాళ్లే. వచ్చీరాగానే "మీ లక్ష్యం ఏమిటి" అని నేను అడగను. నిన్న రాత్రి ఎన్నింటికి భోంచేశారు, ఎన్నింటికి నిద్రపట్టింది అని అడుగుతాను.

మీ విషయం ఊహించి చెప్తున్నాను, తప్పైతే దిద్దండి. ఇల్లు చేరేసరికి ఏడున్నరో ఎనిమిదో. వంట, భోజనాలు, బాబు హోంవర్కు, గిన్నెలు, పాలు తోడుపెట్టడం, రేపటి బాక్సులకి కూర తరిగిపెట్టుకోవడం, ఇవన్నీ అయ్యేసరికి పదకొండు. మంచమెక్కాక వీడియోలతో ఇంకో గంట. నాలుగున్నరకి లేవాలంటే మిగిలిన నిద్ర నాలుగున్నర గంటలు. రెండు రోజులు ఒళ్లు ఎలాగో ఓర్చుకుంటుంది, మూడో రోజు మొండికేస్తుంది. బాబుకి జలుబు చేయకపోయినా ఆ రోజు మీరు లేచేవారు కాదు. దాన్ని క్రమశిక్షణ లేకపోవడం అనరు మేడమ్, కూడికలూ తీసివేతలూ కుదరలేదు అంటారు. కాబట్టి ముందు ఆ అలారం తీసేయండి. ఫోన్ ఛార్జింగ్ వంటింట్లో, బియ్యం డబ్బా పక్కన పెట్టుకోండి, పడకగదిలోకి తేవద్దు. ఆ వీడియోలు మాలాంటివాళ్లు చేసినవే అయినా సరే చూడొద్దు. చూస్తుంటే ఏదో చేసేసినంత తృప్తి వస్తుంది, చిక్కంతా అక్కడే.

ఇక "ఎలాగూ పోయింది కదా" అన్న మాట. 21 రోజులు గ్యాప్ లేకుండా చేస్తేనే అలవాటవుతుందని ఎవరో ఒకరు మీకూ చెప్పే ఉంటారు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన ఒక పుస్తకంతో మొదలైంది ఇది. ఆపరేషన్ అయినవాళ్లు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. నోళ్లు మారేకొద్దీ "కనీసం" రాలిపోయి 21 మాత్రం మిగిలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో ఒక అధ్యయనం చేసి 2010లో ప్రచురించింది. అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేడా ఉంది. మీకు కావలసిన సంగతి వేరే ఉంది అందులో. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన చెప్పుకోదగ్గ నష్టమేమీ కనిపించలేదు. మీ జలుబు రోజు చేసిన నష్టం తక్కువ, సోమవారం దాకా ఆగడం చేసిన నష్టం ఎక్కువ.

నా దగ్గరికి వచ్చేవాళ్లతో చెడ్డరోజు కోసం విడిగా ఒక ప్లాను రాయిస్తాను. ఇల్లంతా తలకిందులైన రోజు ఏం చేస్తారు? ఐదు ప్రశ్నలు, కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు, నిలబడే. అంతకుమించి ఒద్దు, ఓపికున్నా ఒద్దు.

చదువుకి మంచి చోటు మీ రైలే. సాయంత్రం కృష్ణా కెనాల్ స్టేషన్ దాటగానే పుస్తకం తెరవాలి అని పెట్టుకోండి. "రోజూ గంట చదువుతాను" అనుకున్నది గాల్లో ఉంటుంది, ఫలానా చోటు రాగానే ఫలానా పని అనుకున్నది జరుగుతుంది. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీదే ఏళ్ల తరబడి పనిచేశాడు. మొదలు కూడా మొదటి పేపర్‌తో వద్దు. ఇండియన్ ఎకానమీ పక్కనపెట్టి ప్రిన్సిపుల్స్ అండ్ ప్రాక్టీసెస్ ఆఫ్ బ్యాంకింగ్ తీయండి. కేవైసీ, నామినేషన్, చెక్కులు, అన్నీ మీరు కౌంటర్లో రోజూ చేసేవే, పది పేజీలు చదివేసరికి ఇది నాకు వచ్చు అనిపిస్తుంది.

కోచ్ కావాలా అంటే, ఇప్పుడైతే మీకు అక్కర్లేదు. నా గిరాకీ నేనే పోగొట్టుకుంటున్నాను, అయినా ఇదే నా మాట.

---

లేడీస్_కంపార్ట్‌మెంట్:

కోచ్ గారు చెప్పింది వినడానికి బాగుంది గానీ ఆయన సాయంత్రం పూట ఆ రైలెక్కినట్టు లేరు. కృష్ణా కెనాల్ దాకా ఊపిరాడదు, ఒక చేత్తో పైన కడ్డీ, ఇంకో చేత్తో బ్యాగు. దుగ్గిరాలలో కాస్త సీటు దొరికి కూర్చునేలోపు తెనాలి వచ్చేస్తుంది. నాదీ అదే లైను అక్కా, జేఏఐఐబీ నేను పొద్దుటి రైల్లోనే పూర్తిచేశాను. తెనాలిలో బయలుదేరే బండైతే పది నిమిషాలు ముందెళ్తే కిటికీ సీటు ఖాయం. అసలు ఇబ్బంది సీటుతో కాదు, మన బ్యాచ్‌తో. చీరలూ కోడళ్లూ అన్నీ అప్పుడే మొదలవుతాయి. పరీక్షలయ్యేదాకా మాట్లాడను అని ముందే చెప్పేయండి, రెండు రోజులు మూతి ముడుస్తారు, తర్వాత వాళ్లే "చదివావా" అని అడగడం మొదలుపెడతారు. మీ కోచ్‌లు వాళ్లే ఇక.

అకౌంటింగ్ పేపర్‌ని మాత్రం రైల్లో ముట్టుకోవద్దు. దానికి పెన్నూ కాగితమూ కావాలి, ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి. ఒక్కో పేపర్‌కి వందకి 50 వస్తే చాలు. నాలుగూ ఒక్కసారే గట్టెక్కాలన్న టెన్షన్ కూడా వద్దు, పాసైన పేపర్ పాసైనట్టే, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. మూడేళ్ల గడువు, ఐదు ప్రయత్నాల పరిమితి మాత్రం గుర్తుంచుకోండి.

ఇంకోటి, ఫ్రీగా తిట్టే ఓపిక ఉన్న అన్నయ్యగారిని పొద్దున బాబుకి బాక్సు కట్టమనండి. కోచ్ గారు అంత లిస్టు రాశారే, కూర తరగడం దగ్గర్నుంచి తోడుపెట్టడం దాకా, అందులో ఒక్కటైనా ఇంకొకరు చేయొచ్చన్న ఊహే రాలేదా సార్ మీకు?

---

గోదారిగట్టు:

కోచ్‌కి డబ్బు కట్టే ముందు ఒక్క మాట. మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సేమీ అక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ కావాలి, కోచ్‌కి అలాంటిదేమీ లేదు. ఆరు నెలల ఫీజు ముందే అడిగేవాళ్లనీ, జీవితం మార్చేస్తాం అనేవాళ్లనీ దూరం పెట్టండి.

మీ పోస్టులో నాకు అలసట కనిపిస్తోంది, అంతకుమించి ఏమీ లేకపోవచ్చు. ఒకవేళ చదువే కాదు, ఏ పని మీదా మనసు పోకుండా, నిద్రపట్టకుండా, ఊరికే ఏడుపొస్తూ రెండు వారాలకి మించి ఉంటే మాత్రం అది కోచ్ చూడాల్సింది కాదు, డాక్టర్ చూడాల్సింది. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయొచ్చు, కేంద్రప్రభుత్వానిదే, డబ్బులేమీ ఉండవు, తెలుగులో మాట్లాడతారు.

---

తెనాలి_ప్యాసింజర్:

అయ్యో, అంతదాకా లేదండీ, అలసటే. కోచ్ గారు నా సాయంత్రాన్ని పక్కింటి కిటికీలోంచి చూసినట్టే రాశారు, కాకపోతే పాలు తోడుపెట్టేది అత్తయ్య. లేడీస్ కంపార్ట్‌మెంట్ గారి పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను, బాక్సు సరే గానీ కూర నువ్వే చేసిపెట్టాలి అన్నారు, బేరం సాగుతోంది. పొద్దుటి రైల్లో పేపర్ టూ మొదలుపెడతాను. ఒక్క డౌటు, సెలవురోజున రైలుండదు కదా, ఆ రోజు ఏం చేయాలి?

---

ఒక_కోచ్:

లేడీస్ కంపార్ట్‌మెంట్ గారూ, మంచి దెబ్బే కొట్టారు, ఒప్పుకుంటున్నాను. పొద్దుటి రైలే ఖాయం చేసుకోండి మేడమ్. ఆదివారం అకౌంటింగ్ తప్ప ఇంకేమీ వద్దు, అదీ మధ్యాహ్నం నిద్ర అయ్యాక. రెండో శనివారాలు, పండగలు వదిలేయండి. సంక్రాంతికి పుస్తకం తీసినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

---

పెద్దబాలశిక్ష:

పుస్తకాలు సంచిలోంచి తీశావా లేదా అమ్మా, అది చెప్పు ముందు.