యోకోసుకా ఆర్డర్లు వచ్చాయి. 2011లో జపాన్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్తారా?

కొత్త_నేవీ_కోడలు:
మా ఆయనకి జపాన్‌లోని అమెరికా నేవీ బేస్ యోకోసుకాకి ఆర్డర్లు వచ్చాయి. అక్టోబరులో బయలుదేరాలి, మూడేళ్ళు ఉండాలి. పాపకి 14 నెలలు. 2024 ఆగస్టు 8న క్యూషూ దగ్గర 7.1 భూకంపం వచ్చాక, సముద్రం అడుగున ఉన్న నాంకాయ్ ట్రఫ్ అనే లోయ‌లో ఇంకా పెద్దది రావచ్చని జపాన్ వాళ్ళు మొదటిసారి ప్రజలకి హెచ్చరిక ఇచ్చారు కదా. వారం తర్వాత దాన్ని ఎత్తేశారు గానీ మా అమ్మ మాత్రం ఎత్తెయ్యలేదు. రోజుకి రెండు ఫోన్లు. ఆయన ఓడ ఎక్కితే నెలల తరబడి ఇంట్లో నేనూ పాపా మాత్రమే. 2011 మార్చిలో పెద్ద భూకంపం, సునామీ వచ్చినప్పుడు అక్కడ ఉన్న అక్కలు ఎవరైనా ఉంటే చెప్పండి. టీవీలో చూపించింది కాదు, ఇంట్లో ఏం జరిగిందో కావాలి. ఇంకో మాట, నాది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే, గ్రీన్ కార్డు ఉంది. దానివల్ల ఏమైనా ఇబ్బందా?

ఎనిమిదో_అంతస్తు:
నేనున్నాను చెల్లీ. అప్పుడు బేస్ లోపల టవర్లలో ఉండేవాళ్ళం, ఎనిమిదో అంతస్తు. శుక్రవారం మధ్యాహ్నం 2:46. స్టవ్ మీద కుక్కర్లో పప్పు, రెండో విజిల్ అయింది. బాబు నిద్రపోతున్నాడు. ముందు కిటికీ అద్దం చిన్నగా గిలగిలలాడింది. చిన్నచిన్న అదుర్లు అలవాటే కాబట్టి పట్టించుకోలేదు. తర్వాత బిల్డింగ్ అదరడం మానేసి ఊగడం మొదలుపెట్టింది, పడవలో నిలబడ్డట్టు. పది సెకన్లలో ఆగిపోతుందనుకుంటే నిమిషాల కొద్దీ ఆగలేదు. లిఫ్ట్ పనిచెయ్యదు. బాబుని చంకనేసుకుని ఇంటి చెప్పులతోనే ఎనిమిది అంతస్తులు దిగాను. కింద పార్కింగ్‌లో అందరూ ఆడవాళ్ళూ పిల్లలే. మొగుళ్ళు సగం మంది సముద్రం మీద, మిగతా సగం మంది ఓడలు సిద్ధం చేసే పనిలో.

మా వైపు ఇళ్ళేం కూలలేదు. అసలు టెన్షన్ తర్వాత వచ్చింది. 12న ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో మొదటి రియాక్టర్ భవనం పేలింది, 14న మూడోది. 15 మంగళవారం, రేవులో మరమ్మతులో ఉన్న జార్జ్ వాషింగ్టన్ అనే విమానవాహక నౌక మీది పరికరాలు కొద్దిపాటి రేడియోధార్మికత పట్టుకున్నాయి. బయట ఎక్కువ తిరగొద్దు, కిటికీలు మూసుకోండి, బయటి గాలి లోపలికి తెచ్చే ఫ్యాన్లు ఆపండి అని బేస్‌లో చెప్పారు. పరిమాణం చాలా తక్కువ అని కూడా చెప్పారు. కానీ కిటికీ మూయమన్నాక ఆ రెండో మాట ఎవరికి వినిపిస్తుంది?

రెండ్రోజులకి ఇంకోటి: హోన్షూలో, అంటే జపాన్ ప్రధాన దీవిలో ఉన్న కుటుంబాలు ఇష్టమైతే వెళ్ళిపోవచ్చు, విమానం వాళ్ళే ఏర్పాటు చేస్తారు. ఆ 'ఇష్టమైతే' అన్న మాటే నన్ను చంపింది. వెళ్ళిపొమ్మంటే మారుమాట లేకుండా వెళ్ళేదాన్ని. ఉండమంటే ఉండేదాన్ని. ఆయన ఓడ అప్పటికే ఉత్తరానికి సహాయం మోసుకెళ్తోంది. ఈమెయిల్ పెట్టాను, 'వెళ్ళనా, ఉండనా' అని. 19 గంటల తర్వాత జవాబు వచ్చింది: 'నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి.' పెళ్ళయ్యాక ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ రాత్రి ఓడ కుటుంబాలకి సాయంగా ఉండే ఓంబుడ్స్‌మన్‌కి ఫోన్ చేసి ఏడ్చాను. మా ఓడలో ఆ బాధ్యత చూసేది ఆఫీసరేం కాదు, ఇంకో నావికుడి భార్యే. ఆవిడ మూడు ప్రశ్నలు అడిగింది. డబ్బు ఎంత ఉంది? బాబుకి మందులేవైనా ఉన్నాయా? నువ్వు పడుకుని ఎన్ని రోజులైంది? మూడోదానికి జవాబు చెప్పలేక బ్యాగు సర్దుకున్నాను.

కుంపటి_పక్కన:
నేను వెళ్ళలేదు. బేస్ బయట అద్దింట్లో ఉండేవాళ్ళం. మా సంగతి వేరేలా నడిచింది, అందుకే రాస్తున్నా.

అదుర్లు ఆగాక స్టవ్ వెలగలేదు. గ్యాస్ లైన్ పగిలిందేమోనని గుండె జారిపోయింది. పక్కింటి పెద్దావిడ నన్ను చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడి గ్యాస్ మీటర్లు గట్టి కుదుపు వస్తే వాటంతటవే గ్యాస్ ఆపేస్తాయి, ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. మూత తీసి బటన్ నొక్కి, మూడు నిమిషాలు ఏదీ వెలిగించకుండా ఆగాలి. లీకు లేకపోతే లైటు ఆరిపోతుంది. ఆవిడ మూడు వేళ్ళు చూపించి, చలిలో ఆ మూడు నిమిషాలూ నా పక్కనే నిలబడింది. నాకు రాని జపనీస్‌లో ఏదో చెప్తూనే ఉంది. ఇల్లు తీసుకున్న రోజే ఆ మీటర్ ఎక్కడుందో చూసుకో చెల్లీ. మిగతా సరుకులు తర్వాత.

14 నుంచి కరెంటు కోతలు. ఊళ్ళని ఐదు గ్రూపులుగా చేసి, మూడేసి గంటలు వంతులవారీగా తీసేవాళ్ళు. తీస్తామన్న రోజు ఒక్కోసారి తీసేవాళ్ళు కాదు, అదో విసుగు. 23న టోక్యో నీళ్ళలో రేడియోధార్మిక అయోడిన్ 131 లీటరుకి 210 బెక్వెరెల్స్ ఉందని, పసిపిల్లలకి పరిమితి 100 అని ప్రకటించగానే షాపుల్లో సీసా నీళ్ళు మాయం. మర్నాటికే అది పరిమితి కిందకి దిగింది, సీసాలు మాత్రం వెంటనే తిరిగి రాలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. అప్పుడు వెళ్ళిపోయిన విదేశీయుల్ని 'ఫ్లైజిన్' అని ఎగతాళి చేసేవాళ్ళు, గైజిన్ (విదేశీయుడు) అన్న మాట మీద పన్. నేను ఉండిపోయినందుకు కొన్నాళ్ళు గొప్పగా ఫీలయ్యాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. నాకు పసిపిల్ల లేదు, మా ఆయనది ఒడ్డు మీద ఉద్యోగం, రోజూ రాత్రికి ఇంటికొచ్చేవాడు. నా ధైర్యంలో సగం అదే.

మిసావా_మంచు:
యోకోసుకా వాళ్ళు రేడియేషన్ గురించి చెప్తున్నారు. మేం పైన అవోమొరిలో, మిసావా ఎయిర్‌బేస్. మాకు మొదటి సమస్య చలి. కరెంటు పోయింది, బయట మంచు. ఇద్దరు పిల్లల్నీ స్నో సూట్లతోనే పడుకోబెట్టి మధ్యలో నేను. ఏం జరిగిందో తెలియదు, టీవీ లేదు. సునామీ ఎంత పెద్దదో మాకంటే ముందు ఇండియాలో మా వదినకి తెలుసు.

ఏప్రిల్ 7 రాత్రి పదకొండున్నరకి మళ్ళీ 7కి పైగా వచ్చింది, మళ్ళీ కరెంటు పోయింది. మొదటిదానికి ఏడవని నేను దీనికి ఏడ్చాను. తేరుకుంటున్నాం అనుకునేటప్పుడు వచ్చేదే మనిషిని పడగొడుతుంది.

నన్ను నిలబెట్టింది పనే. బేస్ నుంచి మిసావా ఫిషింగ్ పోర్ట్‌కి శుభ్రం చెయ్యడానికి వాలంటీర్లు వెళ్ళేవాళ్ళు, పిల్లల్ని పక్కింటావిడకి అప్పగించి నేనూ వెళ్ళాను. వలలన్నీ బురదలో ముద్దలు కట్టి ఉండేవి. గ్లవ్స్ వేసుకుంటే ముడి విప్పలేం, తీస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఒక ముసలి జాలరి నా జేబులో కైరో ప్యాకెట్ కుక్కాడు. నలిపితే వేడెక్కే చిన్న సంచి అది. గంటసేపు ఒక్క ముడి విప్పాం ఇద్దరం.

కొత్త_నేవీ_కోడలు:
చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. రేడియేషన్ గురించి అడగాలనిపిస్తోంది, కానీ అడగాలంటే భయంగా కూడా ఉంది. మీ పిల్లలు బాగున్నారా?

ఎనిమిదో_అంతస్తు:
మావాడు బాగున్నాడు, ఇప్పుడు నాకంటే పొడుగు. అప్పట్లో బేస్‌లో ముందుజాగ్రత్తగా, రేడియోధార్మిక అయోడిన్ థైరాయిడ్‌లో చేరకుండా ఆపే పొటాషియం అయోడైడ్ మాత్రలు ఇచ్చారు, చెప్పేదాకా వేసుకోవద్దని. మింగమని ఎవరూ చెప్పలేదు. నేను వెళ్ళిపోయాక మాకొచ్చినవి స్నేహితురాలు దాచిపెట్టింది. తర్వాత అమెరికా రక్షణ శాఖ, అప్పటి సైనిక సహాయ చర్య పేరు మీద ఆపరేషన్ తొమొదాచి రిజిస్ట్రీ అని పెట్టి, అప్పుడు జపాన్ తీరాన ఉన్న 70 వేల మందికి పైగా సిబ్బందికీ, కుటుంబాలకీ ప్రాంతాలవారీగా డోసు అంచనాలు ఇచ్చింది. ఆరోగ్యానికి హాని చేసే స్థాయి కాదని వాళ్ళ తేల్పు. దాన్ని ఒప్పుకోని నావికులు కోర్టుకి కూడా వెళ్ళారు. నేను అంచనా చదివాను, మా డాక్టర్‌కి చూపించాను, పక్కన పెట్టాను.

ఒంట్లో మిగిలింది ఊగుడు. జపాన్ వాళ్ళు దాన్ని 'జిషిన్ యోయి' అంటారు, భూకంపం మైకం. నిలబడి ఉంటే నేల కదులుతున్నట్టే ఉంటుంది. సియాటిల్ హోటల్లో కూడా టేబుల్ మీద గ్లాసు నీళ్ళు పెట్టుకుని, నీళ్ళు కదిలితేనే నిజం అని చూసుకునేదాన్ని.

ప్రయాణం_వద్దనుకున్నా:
అక్కా, వెళ్ళడం తప్పంటారా? నేనూ అప్పుడే వెళ్ళాను. విమానంలో నా ముందు సీట్లో ఒక పెట్టెలో కుక్క, వెనక ఇద్దరు కవలలు, ఎవరూ నిద్రపోలేదు. సియాటిల్‌లో వాలంటీర్లు డైపర్లు, దుప్పట్లు పట్టుకుని నిలబడ్డారు, అది మర్చిపోలేను. కానీ ఒకసారి వెళ్ళాక అనుమతి వచ్చేదాకా తిరిగి రాకూడదు. అది ఏప్రిల్ మధ్యలో వచ్చింది. నెల రోజులు మరిది గారింట్లో, వాళ్ళకి బరువై. రోజుకి ఇంతని అలవెన్సు ఉండేది, కానీ నేనైతే ముందు నా జేబులోంచే పెట్టాను. నా ఫైలు ఎవరి టేబుల్ మీదో మూడు నెలలు పడుకుంది. ప్రతి రసీదూ ఫోటో తీసి పెట్టుకోండి, కాఫీది కూడా.

ఎనిమిదో_అంతస్తు:
తప్పేం కాదమ్మా. నేనూ వెళ్ళినదాన్నే కదా.

తుపాను_వదిన:
జపాన్ కాకపోయినా ఒక ముక్క. మేం గువామ్‌లో ఉన్నప్పుడు 2023 మే 24న మావర్ వచ్చింది, కేటగిరీ 4. తుపానుకి ముందే చెప్తారు, తొట్లు నింపుకోవచ్చు, కిటికీలకి షట్టర్లు దింపుకోవచ్చు. కాంక్రీటు ఇల్లు నిలబడింది. కానీ ఎయిర్‌పోర్ట్ 29వ తేదీ దాకా తెరవలేదు, ఇష్టమైతే వెళ్ళండి అనే ప్రశ్నే లేదు. చుట్టూ సముద్రం. నీళ్ళు ఒకరోజు వస్తే రెండు రోజులు లేవు. తడి బట్టలకి మూడో రోజే బూజు. పైవాళ్ళ కథలు చదివాక అనిపిస్తోంది, ఎంచుకునే పని లేకపోవడం కూడా ఒక రకంగా సుఖమే.

కాగితాల_అత్త:
పాస్‌పోర్ట్ గురించి అడిగిన అమ్మాయికి. 2011లో విమానాలు అమెరికాకి. పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ సాఫీగా జరిగింది. వీసా లేని భార్యలకి ఆ కంగారులో అదో పెద్ద తలనొప్పి. మీ ఆయన పౌరుడైతే, ఆర్డర్ల మీద విదేశానికి వెళ్ళే భార్యకి సెక్షన్ 319(బి) కింద మామూలు మూడేళ్ళ నివాసం నిబంధన లేకుండా పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునే దారి ఉంది. అక్టోబరులోపు అయిపోతుందని కాదు, ఇప్పుడే బేస్ లీగల్ ఆఫీసులో అడుగు.

ఆయన ఓడ ఎక్కేలోపు పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకో. పాప పాస్‌పోర్ట్, పుట్టిన సర్టిఫికెట్, టీకాల కార్డు, మీ ఆర్డర్ల కాపీ, కొన్ని యెన్, కొన్ని డాలర్లు, అన్నీ ఒకే ఫోల్డర్‌లో. అక్కడ దాన్ని నియో ఫోల్డర్ అంటారు, నియో అంటే ఆపదలో కుటుంబాల్ని, సైనికులు కానివాళ్ళని తరలించడం. ఫోల్డర్ ఎక్కడుందో నీకొక్కదానికే తెలిస్తే లాభం లేదు, పక్కింట్లో కూడా ఒకరికి తెలియాలి.

కొత్త_నేవీ_కోడలు:
ఫోల్డర్ కొన్నాను, ఎర్రది. నిన్న రాత్రి మా ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను: 'అలాంటిది వస్తే వెళ్ళమంటావా, ఉండమంటావా? ఇప్పుడే చెప్పు, 19 గంటలు ఆగలేను.' చాలాసేపు ఆలోచించి, కిటికీలు మూయమంటే వెళ్ళిపో, మూయమనకపోతే నీ ఇష్టం అన్నాడు. ఎర్ర ఫోల్డర్ లోపలివైపు అదే రాసి ఇద్దరం సంతకం పెట్టాం. అమ్మకి ఫోటో పంపాను. ఇవాళ ఒక్కసారే ఫోన్ చేసింది.

ఒక్క డౌట్ అక్కా, ఆ కుక్కర్ ఏమైంది?

ఎనిమిదో_అంతస్తు:
సాయంత్రం మెట్లెక్కి వెళ్ళి చూస్తే స్టవ్ ఆపే ఉంది. ఎప్పుడు ఆపానో ఈరోజుకీ గుర్తు రాదు. పప్పు మాత్రం ఉడకలేదు.