టీఆర్2 ఇంజన్ పుట్టుక: ట్రాక్టరుదా, కారుదా?

కావెంట్రీ వాసి (చర్చ ప్రారంభం)

1950ల నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ టీఆర్2 గురించి ఎవరు రాసినా "దీని ఇంజన్ ఫెర్గూసన్ ట్రాక్టరు నుంచి తీసుకున్నది" అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. మొన్న ఇక్కడే ఒక సభ్యులు అలాగే రాస్తే ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. ఈ కార్లు తయారైన ఇంగ్లండులోని కావెంట్రీలో ఉంటూ ఆ మాటను ఊరకే వదిలేయడం నాకు ఇష్టం లేక ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, అప్పటికే ట్రయంఫ్‌ను కొన్న స్టాండర్డ్ మోటార్ కంపెనీ అధిపతి సర్ జాన్ బ్లాక్ పాత మోడళ్లను పక్కనపెట్టి ఒకే కారు మీద బలమంతా పెట్టాలని నిశ్చయించారు. 1947లో ప్రకటించిన ఆ కారే వాన్‌గార్డ్. నాలుగు సిలిండర్లు, 85 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 92 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 2088 సీసీ. పైగా ఊడదీసి మార్చుకోగలిగిన వెట్ లైనర్లు, అంటే చుట్టూ నీరు నేరుగా తగులుతూ తిరిగే సిలిండర్ గొట్టాలు. 1953లో టీఆర్2 వచ్చినప్పుడు ఇదే ఇంజన్ బోరును 83కు తగ్గించి 1991 సీసీ చేశారు, ఎందుకంటే రెండు లీటర్ల లోపు పోటీ తరగతిలో ఆ కారు ఇమడాలి. వాన్‌గార్డ్ నుంచి టీఆర్2కు దారి ఇంత సూటిగా ఉండగా మధ్యలోకి ట్రాక్టరును ఎందుకు లాగుతున్నారో చెప్పగలిగినవారు చెప్పండి.

తెనాలి వర్క్‌షాప్

కావెంట్రీ గారూ, మీరు చెప్పిన కొలతలతో నాకు పేచీ లేదు, మీరు చెప్పకుండా దాటేసిన సంవత్సరంతోనే ఉంది. వాన్‌గార్డును 1947లో ప్రకటించారు, నిజమే. కానీ కార్లు తయారై కొన్నవారి చేతికి అందడం మొదలైంది 1948లో. స్టాండర్డ్ ఇంజన్ బిగించిన ఫెర్గూసన్ టీఈఏ20 ట్రాక్టరు 1947లోనే బయటికి వచ్చింది. అంటే ఈ ఇంజన్ మొదట పని చేసింది పొలంలో. ఏ యంత్రమైనా ఎక్కడ మొదట పని చేసిందో అక్కడిదే అవుతుంది గాని, ఎవరి ప్రకటనలో మొదట అచ్చయిందో వారిది కాదు.

మా నాన్నగారు జీవితమంతా ట్రాక్టర్లు బాగుచేశారు. బూడిదరంగు ఫెర్గూసన్ ఒకటి ఇప్పటికీ మా షెడ్డులో ఉంది. దాని హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత, విప్పి లైనరు పైకి లాగి చూడండి. అడుగున రెండు సిలిండర్లను కలిపి కూర్చోబెట్టే 8 అంకె ఆకారపు గాస్కెట్ ఉంటుంది. లైనరు అంచు బ్లాకు కంటే అంగుళంలో మూడు నుంచి అయిదు వెయ్యోవంతులు పైకి నిలవాలి. నిలవకపోతే హెడ్ గాస్కెట్ పట్టదు, నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. టీఆర్2 మీద పని చేసేవారు కూడా అదే గాస్కెట్టుతో, అదే కొలతతో తంటాలు పడుతున్నారు.

నిజాంపేట

వెట్ లైనర్ల మాటే అయితే, 1934 నాటి ఫ్రెంచి కారు సిత్రోయెన్ ట్రాక్షన్ అవాంలో అవి ముందే ఉన్నాయి కదా?

కావెంట్రీ వాసి

నిజాంపేట గారు మంచి విషయం ఎత్తారు. సిత్రోయెన్ ఇంజన్ 78 బోరు, 100 స్ట్రోకు, 1911 సీసీ. ఆ కార్లను ఇంగ్లండులోని స్లావ్‌లో కూడా తయారుచేసేవారు కాబట్టి ఇక్కడి ఇంజనీర్లకు అవి కొత్త కావు. పోలిక పైకే కనిపిస్తుంది. కానీ పోలిక ఉన్నంత మాత్రాన పుట్టుక అక్కడిదని చెప్పలేం.

తెనాలి గారి సంవత్సరం లెక్కకు నా సమాధానం ఇది. ఫెర్గూసన్‌తో స్టాండర్డ్ ఒప్పందం కుదిరింది 1945లో; కావెంట్రీలోని బానర్ లేన్ కర్మాగారంలో మొదటి రకం ఫెర్గూసన్ ట్రాక్టర్లు, అంటే టీఈ20లు, మొదలైంది 1946లో. అప్పుడు వాటిలో బిగించింది అమెరికా నుంచి తెప్పించిన కాంటినెంటల్ జెడ్120 ఇంజన్. స్టాండర్డ్ సొంత ఇంజన్ అప్పటికి సిద్ధంగా లేదు. ట్రాక్టరు కోసమే ఇంజన్ రూపొందిస్తున్నవారు ట్రాక్టరును వేరొకరి ఇంజన్‌తో మొదలుపెడతారా? కారు కోసం గీస్తున్న ఇంజన్ పూర్తయ్యాక దాన్ని ట్రాక్టరుకు కూడా వాడుకున్నారు. ట్రాక్టరు దానికి తల్లి కాదు, తోబుట్టువు.

తెనాలి వర్క్‌షాప్

మొదటి టీఈఏ20 ట్రాక్టర్ల బోరు ఎంతో మీకు తెలిసే ఉంటుంది: 80 మిల్లీమీటర్లు. 92 స్ట్రోకుతో లెక్క కడితే 1850 సీసీ. వాన్‌గార్డును కూడా మొదట ఆ కొలతకే అనుకుని తర్వాత 85కు పెంచారు. మొదట అనుకున్న రూపంలో ఈ ఇంజన్ ప్రజలకు దొరికింది ట్రాక్టరులోనే. కారుకు వచ్చింది దాని సవరించిన రూపం. 1947 ముందా, 1948 ముందా? దీనికి మాత్రం సూటిగా జవాబు చెప్పండి.

చెన్నై స్టాండర్డ్ అభిమాని

మీ ఇద్దరూ ఇంగ్లండు దాటి రావడం లేదు. 1948లో మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ ఆఫ్ ఇండియా ఏర్పడి, ఇక్కడ కూడా వాన్‌గార్డులు కట్టింది. మన దేశంలో ఈ ఇంజన్ అంటే ఒక తరానికి వాన్‌గార్డే గుర్తుకొచ్చేది. ఈ చర్చలో ఆ సంగతి కూడా నమోదు కావాలి.

బంజారాహిల్స్ టీఆర్3

చర్చ అసలు సంగతికి రావడం లేదు. టీఆర్2, దాని తర్వాత వచ్చిన టీఆర్3 ఇంజన్ బ్లాకు మీద టీఎస్ అక్షరాలతో మొదలయ్యే నంబరు కొట్టి ఉంటుంది. టీఎస్ ఉంటే అది టీఆర్ ఇంజన్, లేకపోతే కాదు. పుట్టుక చరిత్ర తెలుసుకోవడానికి అంతకంటే గట్టి ఆధారం ఏముంది?

నేను కొన్న టీఆర్3ని అమ్మినాయన "ఇంజన్ అసలుదే" అని గట్టిగా చెప్పాడు. హెడ్డు విప్పించి బోరుగేజి పెట్టిస్తే 83 ఉండవలసిన చోట 85 వచ్చింది. బ్లాకు మీద మసి తుడిచి చూస్తే టీఎస్ లేదు. అడిగితే "వాన్‌గార్డయినా, ట్రాక్టరయినా, టీఆర్ అయినా అన్నీ ఒకే ఇంజన్ కదండీ" అన్నాడు. ఇక్కడ మీరు రాస్తున్నదీ అదే మాట. దయచేసి అన్నీ ఒకటేనని రాయకండి.

తెనాలి వర్క్‌షాప్

మీకు జరిగినది అన్యాయమే. అయితే బోరు 85 ఉండటం మాత్రం రుజువు కాదు. లైనర్లు మార్చుకునేవే కాబట్టి టీఎస్ బ్లాకులో కూడా వేరే బోరు లైనర్లు వేసుకోవచ్చు. టీఆర్4కు వచ్చిన 86 లైనర్లను పాత టీఆర్2 బ్లాకుల్లో వేసినవారు చాలామంది; ఫెర్గూసన్ 35 పెట్రోలు ట్రాక్టరు కొలత అయిన 87 కూడా వేస్తారు. 80, 83, 85, 86, 87 అని బోరు ఎన్ని మార్లు మారినా స్ట్రోకు 92 దగ్గరే ఆగింది. ఇంతకంటే గట్టి బంధుత్వం ఇంకేం కావాలి?

బంజారాహిల్స్ టీఆర్3

బోరు సంగతి వదిలేయండి, నంబరు లేదు కదా. దానికేమంటారు?

కావెంట్రీ వాసి

బంధుత్వాన్ని నేను కాదనలేదు. ట్రాక్టరుకు ఛాసిస్ ఉండదు. ముందు యాక్సిల్, ఇంజన్, గేరుబాక్సు ఒకదానికొకటి బోల్టులతో బిగిసి, బరువంతా ఇంజన్ మీదుగానే పోతుంది. అందుకే దాని ఆయిల్ చాంబర్ దళసరి పోత లోహం, కారుదేమో పలుచని రేకు. ట్రాక్టరు బ్లాకును పోత పోసిన తీరే వేరు. అది 2000 ఆర్‌పీఎం దగ్గర ముప్పైకి లోపు హార్స్‌పవర్ ఇస్తుంది. టీఆర్2 4800 దగ్గర 90 ఇస్తుంది. రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, 8.5 కంప్రెషన్, మార్చిన హెడ్డు, మార్చిన కామ్‌షాఫ్టు, ఇవన్నీ ఇంజనీర్లు కష్టపడి సాధించినవి.

1953 మే నెలలో బెల్జియంలోని యాబెక్ రహదారి మీద కెన్ రిచర్డ్‌సన్ టీఆర్2ను గంటకు 124 మైళ్లకు పైగా నడిపారు. దుక్కి దున్నే ఇంజన్‌కు అది సాధ్యమయ్యే పని కాదు. ఆ కారు స్థాయిని పొలం స్థాయికి దించడం నేను సహించలేను.

తెనాలి వర్క్‌షాప్

ఇప్పుడు బయటపడింది మీ మనసులో మాట. 1947, 1948 అంటూ ఇంతసేపు వాదించింది చరిత్ర కోసం కాదన్నమాట. పొలం పేరు వస్తే మీ కారు పరువు పోతుందని మీ భయం.

ఆమధ్య ఒక పాత వాహనాల ప్రదర్శనకు మేము ఫెర్గూసన్‌ను కడిగి, తుడిచి, లారీ మీద ఎక్కించి తీసుకెళ్లాం. నిర్వాహకులు దాన్ని గేటు బయట జనరేటరు పక్కన నిలపమన్నారు. లోపల షామియానా కింద తాడు కట్టి నిలబెట్టిన టీఆర్ ఉంది. రెండిటికీ ఒకే ఇంజన్ వంశమని నేను చెబితే ఒకాయన నవ్వి పక్కకు వెళ్లిపోయాడు. మా నాన్నగారు బండి పక్కనే ఎండలో కూర్చున్నారు. మీరు రాసిన "స్థాయిని దించడం" అన్న మాట నాకు ఆ గేటు దగ్గరి మాటలాగే వినిపించింది.

124 మైళ్ల వేగంతో పోయిన ఆ ఇంజన్‌లో తిరిగింది కూడా 92 స్ట్రోకు క్రాంకే, మూడు మెయిన్ బేరింగులే. 1955లో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పోటీలో కంపెనీ దించిన మూడు టీఆర్2లూ 24 గంటలు నడిచి పోటీ పూర్తిచేశాయి. రోజంతా నాగలి లాగినా వేడెక్కకూడదని, పెట్రోలు కాని చవక ఇంధనం పోసినా నడవాలని తయారైన ఇంజన్ కాబట్టే ఆ ఓర్పు వచ్చింది. ఆ ఓర్పుకు మెప్పు ఎవరికి దక్కాలి?

వేదిక నిర్వాహకులు

విషయం మీదే ఉండండి. వ్యక్తుల ఉద్దేశాల జోలికి వెళ్లవద్దు.

కావెంట్రీ వాసి

మీ నాన్నగారికి జరిగిన అవమానాన్ని నేను సమర్థించను. ఆ ట్రాక్టరు షామియానా కిందే ఉండవలసింది. కానీ నా అభ్యంతరం మీరు అనుకున్న చోట లేదు. "ఫెర్గూసన్ ఇంజన్" అన్నప్పుడల్లా చదివేవారు దాన్ని హారీ ఫెర్గూసన్ రూపొందించారని అనుకుంటారు. ఆయన ఘనత నాగలి వంటి పనిముట్లను ట్రాక్టరు వెనక తగిలించే, హైడ్రాలిక్స్‌తో పనిచేసే మూడు బిందువుల లింకేజి. దాన్ని ఎవరూ కాదనలేరు. ఈ ఇంజన్ మాత్రం స్టాండర్డ్ డ్రాయింగ్ బోర్డుల మీద తయారైంది. స్టాండర్డ్ అన్న పేరు ఈ ఊళ్లోనే కనుమరుగైపోయింది. 1944లో వాళ్లే కొన్న ట్రయంఫ్ పేరు మిగిలింది, ఫెర్గూసన్ పేరు మిగిలింది. ఇంజన్ చేసినవారి పేరు మాత్రం రెండిటి మధ్యా నలిగిపోయింది. నేను కాపాడాలనుకుంటున్నది వారిని.

తెనాలి వర్క్‌షాప్

అలాగైతే మొదటి టపాలోనే అలా రాయవలసింది. ఇంజన్ స్టాండర్డ్‌ది అంటే నేను సంతోషంగా ఒప్పుకునేవాణ్ణి. ఫెర్గూసన్‌కు పట్టం కట్టమని నేనెక్కడా అడగలేదు. మీరు "కారుది" అన్నారు. స్టాండర్డ్ ఇంజనీర్లు కారుకూ ట్రాక్టరుకూ పనికొచ్చేలా చేసిన ఇంజన్‌ను కారు ఒక్కదాని ఖాతాలో వేశారు, నాకు కష్టం కలిగింది అక్కడే.

ఇంకొక లెక్క చూడండి. బానర్ లేన్ నుంచి టీఈ20 ట్రాక్టర్లు 1956 నాటికి 5 లక్షలకు పైగా బయటికి వచ్చాయి. టీఆర్2లు 8 వేల పైచిలుకు. అన్ని లక్షల యంత్రాల్లో కాకలు తీరిన లైనర్లు, క్రాంకు, బేరింగులు చేతిలో ఉండబట్టే ట్రయంఫ్ ఆ స్పోర్ట్స్ కారును సామాన్యుడికి అందే ధరలో అమ్మగలిగింది. కొత్త ఇంజన్ గీసి, అచ్చులు పోసి, పరీక్షించి తయారుచేయాలంటే ఆ కారు కాగితం దాటేది కాదు. టీఆర్2కు ట్రాక్టరుతో పని లేదన్న మీ మొదటి టపాకు నా అసలు జవాబు ఇదే.

కావెంట్రీ వాసి

ఖర్చు మాట ఒప్పుకుంటాను. వాన్‌గార్డు కూడా ఆ లెక్కలో ఉందని, అది కూడా లక్షల్లో అమ్ముడైన వాహనమేనని మీరూ గుర్తుంచుకోవాలి. టీఆర్2 రూపకర్తల ముందున్నది వాన్‌గార్డు ఇంజన్. బోరు తగ్గించింది దాని 85 నుంచే. ఆ మాట మీద నేను నిలబడతాను. ఇంకో బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల కంపెనీ మోర్గాన్ వాళ్లు 1950లో తమ ప్లస్ 4లో బిగించిందీ వాన్‌గార్డు ఇంజనే, తర్వాతే టీఆర్ ఇంజన్‌కు మారారు. స్పోర్ట్స్ కారులోకి ఇది వచ్చిన దారి అదే.

చెన్నై స్టాండర్డ్ అభిమాని

అంటే చివరికి వాన్‌గార్డే.

తెనాలి వర్క్‌షాప్

1947.

బంజారాహిల్స్ టీఆర్3

మీరిద్దరూ ఒకరికొకరు దగ్గరవుతున్నారు గాని నా ప్రశ్న అక్కడే ఉంది. ఒకరు గీసినవారిని బట్టి, ఇంకొకరు మొదట వాడిన చోటును బట్టి ఇంజన్‌కు ఊరు పేరు పెడుతున్నారు. కొనేవాడికి ఈ రెండూ కనపడవు. కనపడేది బ్లాకు మీది నంబరు ఒక్కటే. వంశం ఎంత గొప్పదైనా నా కారులో ఉన్నది వేరే బండి కోసం పోసిన బ్లాకు, నేను కట్టిన ధర టీఎస్ బ్లాకుకు. వాన్‌గార్డు బ్లాకుతో ఆ కారు చక్కగానే నడుస్తోంది, ఘాట్ రోడ్డు మీద కూడా వేడెక్కడం లేదు. అయినా తిరిగి అమ్మవలసి వస్తే కాగితం మీద "వాన్‌గార్డు బ్లాకు" అని రాసే అమ్ముతాను.

ఈలోగా, టీఎస్ నంబరు ఉన్న బ్లాకు, పగుళ్లు లేనిది, మెయిన్ బేరింగు క్యాపులతో సహా ఎవరి దగ్గరైనా ఉంటే ధర తెలియజేయగలరు. లైనర్లు అవసరం లేదు. అవి తెనాలిలో దొరికేట్టున్నాయి.