1972 ఎం.జి.బి. కొనాలనుకుంటున్నాను: చూడటానికి వెళ్లినప్పుడు అమ్మేవారిని ఏమేమి అడగాలి?

ప్రశ్న: కోవెంట్రీవాసి

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులోని కోవెంట్రీలో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే శనివారం 1972 నాటి ఎం.జి.బి. రోడ్‌స్టర్ (పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఒకటి చూడటానికి వెళ్తున్నాను. అడుగుతున్న ధర 8,500 పౌండ్లు. ప్రకటనలోని ఫోటోల్లో ఎర్ర రంగు కొత్తగా నిగనిగలాడుతోంది, క్రోమ్ బంపర్లు, తీగల చక్రాలు ఉన్నాయి, ఇంజను రెండేళ్ల క్రితం విప్పి మళ్లీ బిగించారని రాశారు. మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని స్పానర్లు అందించిన అలవాటు నాకు ఉంది, కాబట్టి చిన్నచిన్న రిపేర్లు నేనే చేసుకోగలను. అయితే యాభై ఏళ్లు దాటిన కారును ఇంతవరకు కొనలేదు. అమ్మే పెద్దాయన ఫోనులో మర్యాదగానే మాట్లాడారు, కానీ సరైన ప్రశ్నలు అడగకపోతే సరైన జవాబులు రావని నా భయం. అనుభవం ఉన్నవారు ఏమి అడగాలో, ఏ జవాబు విన్నప్పుడు వెనక్కి తగ్గాలో చెప్పగలరు. ఇంకొక సందేహం కూడా ఉంది: కొన్నేళ్లకు మేము ఇండియాకు తిరిగి వెళ్లేటప్పుడు ఈ కారును గుడివాడకు తీసుకెళ్లడం సాధ్యమేనా?

జవాబు 1: రెడింగ్ నుంచి

తమ్ముడూ, మీరు ఇంజను గురించి, రంగు గురించి, చక్రాల గురించి రాశారు గానీ తుప్పు గురించి ఒక్క మాట కూడా రాయలేదు. ఎం.జి.బి. విషయంలో మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న కూడా తుప్పు గురించే ఉండాలి. 1962 నుంచి 1980 వరకు అబింగ్డన్ ఫ్యాక్టరీలో ఈ రకం కార్లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి ఇంజను భాగాలు, బ్రేకులు, రబ్బర్లు, సీటు తోళ్లు అన్నీ ఈ రోజుకీ కొత్తవి దొరుకుతాయి, ధరలు కూడా భరించదగినవే. కానీ దీనికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసీ ఉండదు, బాడీయే ఛాసీ. రోడ్‌స్టర్‌కు పైకప్పు కూడా లేదు కాబట్టి బరువంతా తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే రేకు పెట్టెల మీదనే ఆధారపడి ఉంటుంది. ఇక్కడ వాటిని సిల్ అంటారు. అవి బయటికి ఒక రేకులా కనిపించినా లోపల మరికొన్ని పొరలు ఉంటాయి, అడుగున కాజిల్ రైల్ అనే భాగం ఉంటుంది. తుప్పు లోపలి నుంచి మొదలై చివరకు బయటి రేకు మీద బొబ్బలా కనిపిస్తుంది, అంటే మీ కంటికి కనిపించే నాటికి లోపల సగం పోయినట్టే.

కాబట్టి "తుప్పు ఉందా?" అని అడగకండి, ఎవరైనా లేదనే చెబుతారు. "సిల్స్ ఎప్పుడు మార్చారు, ఎవరు మార్చారు, బయటి రేకు ఒక్కటే మార్చారా, లోపలి పొరలు, కాజిల్ రైళ్లు కూడా మార్చారా, పని జరుగుతున్నప్పుడు తీసిన ఫోటోలు ఉన్నాయా?" అని అడగండి. ఆ పని సరిగా చేయించినవారు వేలకు వేలు ఖర్చు పెట్టి ఉంటారు కాబట్టి ఫోటోలు, బిల్లులు ఫైలులో పెట్టుకుని మీరు అడగకముందే చూపిస్తారు. ఈ కారుకు కొత్త రంగు వేశారంటున్నారు కదా, రంగు వేయకముందు బాడీ ఎలా ఉండేదో చూపించే ఫోటోలు కూడా అడగండి. కొత్త రంగు వేసిన పాత కారు కన్నా, పాత రంగులోనే అక్కడక్కడ మచ్చలతో ఉన్న కారును నేను ఎక్కువ నమ్ముతాను.

నా మొదటి ఎం.జి.బి. ఇలాగే మెరిసిపోతూ ఉండేది. అమ్మినవారు సిల్స్ కొత్తవని చెప్పారు, నేను వంగి చూశాను, నున్నగా ఉన్నాయి, సంతోషించాను. నవంబరులో ఒక రోజు చక్రం విప్పాలని జాకీ పెట్టి ఎత్తబోతే అప్పడం నలిగినట్టు చప్పుడైంది. కారు పైకి లేవలేదు, జాకీయే కారులోకి దిగింది. చేతితో తడిమితే ఎర్రటి పొడి, దానితో పాటు పుట్టీ పెచ్చులు రాలాయి. పాత తుప్పు రేకు మీదనే కొత్త రేకు కప్పి, సందుల్లో పుట్టీ నింపి, పైన రంగు కొట్టారు. నేను ఆ రోజు నేల మీద కూర్చుని ఎంత బాధపడ్డానో చెప్పలేను. ఆ బాధ మీకు కలగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందుకే అమ్మేవారి అనుమతి తీసుకుని మీరే జాకీ పరీక్ష చేయండి. ముందు తలుపు మూసి, దాని వెనక అంచుకూ బాడీకీ మధ్య సందు పై నుంచి కింది వరకు ఒకే వెడల్పుగా ఉందో లేదో వేలితో చూడండి. తర్వాత సిల్ మీద జాకీ పెట్టే చోటనే పెట్టి చక్రం నేలను వదిలే వరకు ఎత్తండి. ఆ సందు మారకూడదు, తలుపు ముందులాగే తేలికగా తెరుచుకుని మూసుకోవాలి. సందు మూసుకుపోయినా, తలుపు పట్టేసినా కారు నడుము బలహీనపడిందని అర్థం. రెండు పక్కలా ఈ పరీక్ష చేయాలి. జాకీ పెట్టనివ్వనని ఆయన అంటే అదే జవాబు అనుకుని మర్యాదగా సెలవు తీసుకోండి.

జవాబు 2: లెస్టర్ మెకానిక్

పై సోదరుడు చెప్పిన మాట అక్షరాలా నిజం. నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని ఇక్కడికి వచ్చాను, పదకొండేళ్లుగా పాత బ్రిటిష్ కార్ల మీదనే పని చేస్తున్నాను. బాడీ గురించి రెండు మాటలు కలిపి మిగిలిన భాగాలకు వెళ్తాను. పలచటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్లి సిల్స్ మీద, ముందు మడ్‌గార్డుల కింది భాగంలో, తలుపు వెనక చక్రం వైపు వంపు తిరిగే చోట ఆనించి చూడండి. పట్టని చోట పుట్టీ ఉన్నట్టే. సీట్ల వెనక కార్పెట్ ఎత్తితే ఒక మూత ఉంటుంది, 1972 కారులో దాని కింద ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు ఉండాలి, చాలామంది వాటిని తీసేసి పన్నెండు వోల్టులది ఒక్కటే పెడతారు, అది తప్పు కాదు. మీరు చూడవలసింది ఆ బ్యాటరీలు కూర్చునే పెట్టెలను. వాటి అడుగు చిల్లులు పడి ఉంటే ఆ కారును పట్టించుకున్నవారు ఎవరూ లేరని నేను అనుకుంటాను, ఎందుకంటే అక్కడికి చెయ్యి పెట్టి తుడిచేవారు మిగిలినవన్నీ కూడా చూసుకుంటారు. పెట్రోలు ట్యాంకు కూడా కింద కాకుండా పైన తుప్పు పడుతుంది, డిక్కీ రేకుకూ ట్యాంకుకూ మధ్య తడి మట్టి నిలుస్తుంది కాబట్టి.

ఇంజను విషయానికి వస్తే, వెళ్లే ముందు రోజు ఫోను చేసి "నేను వచ్చే వరకు బండి స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడంలో ఏదో ఇబ్బంది ఉందేమో అని అనుమానించాలి. తాళం తిప్పగానే వెనక నుంచి పెట్రోలు పంపు టిక్ టిక్ మని కొన్నిసార్లు కొట్టి నెమ్మదించాలి. ఇంజను స్టార్ట్ చేయకపోయినా అది ఆగకుండా కొడుతూనే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా కార్బురేటరు పొంగుతోంది, లేదా పెట్రోలు కారుతోంది. ఇది 1798 సీసీ ఇంజను, మొండిది, మామూలు మెకానిక్ కూడా చేయగలడు. బాగా వేడెక్కిన తర్వాత రోడ్డు మీద ఆయిల్ ప్రెషర్ మీటరు 50కి పైన ఉండాలి, ఆగి ఉన్నప్పుడు 15 నుంచి 25 వరకు చూపినా కంగారు లేదు. కొండ దిగుతూ యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు నీలం పొగ వస్తే వాల్వ్ గైడ్లు అరిగాయి.

"ఇంజను విప్పి బిగించారు" అనే మాట చాలా వదులైన మాట. గాస్కెట్ మార్చినా అలాగే అంటారు, క్రాంక్ షాఫ్ట్ గ్రైండ్ చేయించి, బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు వేసినా అలాగే అంటారు. కాబట్టి "ఏ ఏ భాగాలు మార్చారు, పిస్టన్లు ఏ సైజువి వేశారు, మెషిన్ షాపు బిల్లు ఏది?" అని అడగండి. ఇదే చోట "సీసం లేని పెట్రోలుకు తగినట్టు గట్టి వాల్వ్ సీట్లు వేశారా?" అని కూడా అడగాలి, ఎందుకంటే ఈ కారు పుట్టినప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు, బ్రిటన్‌లో దాన్ని 2000 నుంచి ఆపేశారు. 2021 నుంచి ఇక్కడి మామూలు పెట్రోలులో ఇథనాల్ 10 శాతం వరకు ఉంటోంది, పాత రబ్బరు గొట్టాలు దానికి మెత్తబడి చీలుతాయి. ఆయన ఏ పెట్రోలు పోయిస్తున్నారో, గొట్టాలు ఎప్పుడు మార్చారో తెలుసుకోండి. నిప్పుతో ముడిపడిన విషయం కాబట్టి దీన్ని చిన్నగా తీసుకోవద్దు.

ఓవర్‌డ్రైవ్ (వేగంగా పోయేటప్పుడు ఇంజను తిరుగుడు తగ్గించే అదనపు అమరిక) ఉందా, పనిచేస్తోందా అని అడగండి. నాలుగో గేరులో గంటకు 60 మైళ్ల వేగంతో పోతూ స్విచ్ వేస్తే ఇంజను తిరుగుడు ఐదారు వందలు తగ్గాలి, చెవికి కూడా తెలుస్తుంది. పనిచేయకపోతే "వైరు ఊడింది, అంతే" అంటారు, నిజంగా వైరే కావచ్చు, కానీ గేరు బాక్సు దించాలంటే ఇంజనుతో కలిపి పైకి లాగాలి. క్లచ్చి ప్లేటు మార్చాలన్నా అదే తంతు, కాబట్టి క్లచ్చి ఎప్పుడు వేశారో కూడా అడగండి. ముందు చక్రాలు పక్కలకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్‌లకు సుమారు మూడు వేల మైళ్లకు ఒకసారి గ్రీజు కొట్టాలి. "చివరిసారి గ్రీజు ఎప్పుడు కొట్టారు?" అని అడిగి ఆయన ముఖం చూడండి. తీగల చక్రాలకు లోపల పళ్లు ఉంటాయి, అవి అరిగితే బండి కదిలేటప్పుడు, వెనక్కి తీసేటప్పుడు 'టక్' మంటుంది. ఆ చప్పుడు వినిపిస్తే చక్రాలతో పాటు హబ్‌లు కూడా మార్చాలి.

జవాబు 3: కాగితాల మనిషి

పెద్దలు ఇనుము గురించి చెప్పారు, నేను కాగితాల గురించి కొద్దిగా చెబుతాను. వి5సి లాగ్ పుస్తకం (ఇక్కడి బండి రిజిస్ట్రేషన్ పత్రం) చూసి, దాని మీది ఛాసీ నంబరూ బానెట్ కింది ప్లేటు మీది నంబరూ ఒకటేనని మీ కళ్లతో సరిచూసుకోండి. ఆ పుస్తకం బండి ఎవరి పేరు మీద నమోదైందో చెబుతుంది గానీ యాజమాన్యానికి రుజువు కాదు, కాబట్టి ఆయన కొన్నప్పటి రసీదు అడగండి, బండి మీద అప్పు ఉందేమో కూడా విచారించండి. ఛాసీ నంబరు మొదట్లో జి.హెచ్.ఎన్.5 తర్వాత యు అక్షరం ఉంటే అది అమెరికా కోసం తయారైన కారు, తర్వాత స్టీరింగు కుడి వైపుకు మార్చి ఉంటారు. అది చెడ్డదేమీ కాదు, పొడి ప్రాంతం నుంచి వచ్చిన బాడీ తుప్పు లేకుండా ఉండవచ్చు, కానీ మార్చింది ఎవరో, ఎలా మార్చారో తెలియాలి. కోవెంట్రీకి దగ్గరలోనే గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం వారు రుసుము తీసుకుని ఫ్యాక్టరీ రికార్డుల నుంచి ధ్రువపత్రం ఇస్తారు. కారు ఏ తేదీన తయారైందో, మొదట ఏ రంగులో ఉండేదో, ఏ దేశానికి పంపారో అందులో ఉంటుంది.

అన్నిటికన్నా ఉపయోగపడేది ఎం.ఓ.టి. చరిత్ర, అంటే బండి రోడ్డు మీద నడవడానికి తగినట్టు ఉందో లేదో ఇక్కడ ఏటా చేసే పరీక్షల రికార్డు. 2005 నుంచి జరిగిన పరీక్షల ఫలితాలు ప్రభుత్వ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. 2018 మే నుంచి నలభై ఏళ్లు దాటి పెద్ద మార్పులేమీ చేయని కార్లకు ఆ పరీక్ష తప్పనిసరి కాదు కాబట్టి మీ కారు రికార్డు అక్కడితో ఆగిపోయి ఉండవచ్చు. ఆ చివరి పరీక్షలో తుప్పు గురించి ఏమి రాశారో చదివి, "ఆ సంవత్సరం ఎడమ పక్క తుప్పు ఉందని రాశారు, తర్వాత ఏమి చేయించారు?" అని నేరుగా అడగండి. రాతపూర్వకమైన మాటను చూపించి అడిగినప్పుడు జవాబు దాటవేయడం ఎవరికైనా కష్టం. "పరీక్ష ఖర్చు నేను భరిస్తాను, కొనే ముందు ఎం.ఓ.టి. చేయిద్దామా?" అని కూడా అడగవచ్చు.

ఇక గుడివాడ సంగతి. అది అంత తేలిక కాదు. మూడేళ్లు దాటిన పాత కారును మన దేశంలోకి తెచ్చుకోవడానికి సాధారణంగా అనుమతి లేదు, పాతకాలపు కార్లకు ఇచ్చిన మినహాయింపు కూడా 2025 దాకా 1970ల నాటి వాటికి వర్తించలేదు. 2025లో దాన్ని యాభై ఏళ్లు దాటిన కార్లకు సడలించారు, కాబట్టి వెళ్లే నాటికి ఉన్న నిబంధనలు విచారించుకోండి. 2021లో కేంద్రం యాభై ఏళ్లు దాటిన వాహనాలకు 'వి.ఎ.' అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ పెట్టింది గానీ దాని మీద బండిని రోజువారీ తిప్పకూడదు, పైగా అది దిగుమతి అనుమతికి బదులు కాదు. కాబట్టి కారును ముందుగా ఇక్కడ నడుపుకోవడానికే కొనండి, నాన్నగారిని వేసవిలో ఇక్కడికి పిలిపించండి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు: కోవెంట్రీవాసి

మీ ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. శనివారం వెళ్లి వచ్చాను. బానెట్ చల్లగానే ఉంది, చోక్ లాగగానే రెండో తిప్పుకు స్టార్ట్ అయింది, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ 60 దగ్గర నిలిచింది. ఇంజనుకు మెషిన్ షాపు బిల్లు ఉంది. సిల్స్ ఫోటోలు అడిగితే ఆయన లోపలికి వెళ్లి ఒక పాత కవరు తెచ్చారు. అందులో పదకొండు ఫోటోలు ఉన్నాయి, అన్నీ కుడి పక్కవే. ఎం.ఓ.టి. రికార్డులో చివరిసారి ఎడమ పక్క తుప్పు గురించి రాసినది నేను ముందే చూసుకుని వెళ్లాను కాబట్టి అదే మాట అడిగాను. కాసేపు మౌనంగా ఉండి, "ఎడమ పక్క బయటి రేకు ఒక్కటే మార్పించాను, అప్పట్లో డబ్బు సరిపోలేదు" అన్నారు.

జాకీ పెట్టడానికి అభ్యంతరం చెప్పలేదు. కుడి పక్క ఎత్తినప్పుడు సందులో నా చూపుడు వేలు ఎలా పట్టిందో అలాగే పట్టింది. ఎడమ పక్క చక్రం నేలను వదిలేసరికి సందు గోరు కూడా దూరనంతగా మూసుకుపోయింది, తలుపు తెరవబోతే గట్టిగా లాగవలసి వచ్చింది. ఆయన కూడా నా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చూశారు, వాదించలేదు. ఎడమ పక్క మొత్తం చేయించడానికి ఎంత అవుతుందో తెలుసుకుని ఆ మేరకు ధర మాట్లాడుకుందామని ఆయనే అన్నారు. లెస్టర్ సోదరా, వచ్చే వారం మీ దగ్గరికి తెస్తే లిఫ్ట్ మీద ఎక్కించి అంచనా చెప్పగలరా? కారు తీసుకురావడానికి ఆయన ఒప్పుకున్నారు. అంతవరకు బయానా ఇవ్వలేదు.