టెక్స్ట్ నోట్స్‌ని టెర్మినల్ నుంచే అంకీ కార్డులు చేయడం ఎలా?

ప్రశ్న: గ్రూప్-2 పాలిటీ నోట్స్ అంతా టెక్స్ట్ ఫైల్లో కొట్టుకున్నా, లైనుకొకటి, "371డి ఏ సవరణతో వచ్చింది :: 32వ సవరణ, 1973" ఇలా. ఒక్కోటి అంకీలో (ప్రశ్న-జవాబు కార్డులతో రివిజన్ చేయించే యాప్) కాపీ పేస్ట్ చేస్తూ కూర్చుంటే పరీక్షే అయిపోయేలా ఉంది, ఒక్క దెబ్బకి అయ్యే దారేమైనా ఉందా అన్నా?

జవాబు: వేరే టూల్ దేనికి తమ్ముడూ, టెర్మినల్లో టెక్స్ట్ మార్చే సెడ్ కమాండ్ చాలు. ఆ డబుల్ కోలన్‌ని ట్యాబ్‌గా మార్చి కొత్త ఫైల్లోకి పంపు, అంకీలో ఇంపోర్ట్ కొట్టు, ట్యాబ్‌కి ఎడమవైపుది కార్డు ముందు, కుడివైపుది వెనక. మ్యాక్‌లో ఒక్కోసారి ట్యాబ్ బదులు టీ అక్షరం పడుద్ది, అప్పుడు టెర్మినల్లోనే పెర్ల్ అనే ఇంకో కమాండ్‌తో చేసుకో.

ఇంకో జవాబు: ఫైల్ యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనే (అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి) సేవ్ చెయ్యండి, లేకపోతే తెలుగంతా పిచ్చి గుర్తులే.

ప్రశ్న వేసినతను: వచ్చేశాయ్!! రేపు నోట్స్‌లో జవాబు దిద్ది మళ్ళీ ఇంపోర్ట్ చేస్తే డబుల్ అవుతాయా?

మొదటి జవాబిచ్చినతను: అవ్వవు, అప్‌డేట్ ఆప్షన్ పెట్టుంటే మొదటి ఫీల్డ్, అంటే ప్రశ్న, చూసి పాతదాన్నే మారుస్తుంది, రివిజన్ తేదీలు కూడా పోవు. ప్రశ్నే మార్చావనుకో, కొత్త కార్డు పుడుద్ది, పాతది నువ్వే తీసెయ్యాలి.