ఫ్లాట్ బార్ హైబ్రిడ్‌కి డ్రాప్ బార్ వేయించాలంటే ఏమేం మార్చాలి? (వైజాగ్)

మద్దిలపాలెం_హైబ్రిడ్

అందరికీ నమస్తే. నాది 700x35 టైర్లున్న హైబ్రిడ్, ముందు మూడు వెనక ఏడు గేర్లు, రిమ్‌ని రెండు పక్కల నుంచి పట్టే వీ బ్రేకులు, మామూలు తిన్నటి హ్యాండిల్, అంటే ఫ్లాట్ బార్. వారాంతాల్లో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్ళి వస్తుంటాను. వెళ్ళేటప్పుడు హాయిగానే ఉంటుంది. తిరిగొచ్చేసరికి ఎండెక్కి నైరుతి గాలి మొహాన కొడుతుంది, మంగమారిపేట నుంచి సాగర్‌నగర్ వరకూ ఎంత తొక్కినా బండి కదలనట్టే ఉంటుంది. దానికి తోడు అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి, ఇంటికొచ్చాక కూడా కాసేపు వేళ్ళు నావి కానట్టే ఉంటాయి.

డ్రాప్ బార్, అంటే రోడ్ బైకులకుండే కిందికి వంగిన హ్యాండిల్, వేస్తే ఒంగి తొక్కొచ్చు, చేతులు మార్చి మార్చి పెట్టుకోవచ్చు అని ఆశ. ఒక షాపులో అడిగితే హ్యాండిల్ ఒక్కటీ మారిస్తే చాలు, ఉన్న బ్రేక్ లివర్లూ గేర్ షిఫ్టర్లూ దాని మీదే బిగించేస్తాం అన్నారు. ఇంకో చోట అడిగితే అసలు కుదరదు, రోడ్ బైక్ కొనుక్కోండి అన్నారు. రెండిట్లో ఏది నిజం? ఈ బండంటే నాకిష్టం, ఫ్రేమ్ బాగుంది, క్యారియర్ ఉంది, మడ్‌గార్డులున్నాయి, ఆఫీసుకీ ఇదే. వచ్చే చలికాలంలో 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ యాత్ర) ఒకటి చెయ్యాలని కూడా ఉంది. ఇలాంటి మార్పు చేయించుకున్నవాళ్ళు ఎవరైనా వివరంగా చెప్పండి.

ఉప్పుగాలి

రెండూ నిజం కావు మాస్టారూ. కుదురుతుంది, కానీ హ్యాండిల్ ఒక్కటీ మారిస్తే సరిపోదు.

చెయ్యి పట్టుకునే చోట ఫ్లాట్ బార్ మందం 22.2 మిల్లీమీటర్లు, డ్రాప్ బార్‌ది 23.8. అందుకే మీ లివర్లూ షిఫ్టర్లూ ఆ బార్ మీదికి సరిగా ఎక్కవు. ఎవరైనా క్లాంప్‌ని సాగదీసి ఎక్కించినా వంపు దగ్గర కుదురుగా నిలబడవు, కింద పట్టుకున్నప్పుడు వేళ్ళకి అందవు. అలా బిగించిన బ్రేకుతో కైలాసగిరి దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, దయచేసి ఎవరు చేస్తామన్నా చేయించుకోవద్దు.

ఇక అసలు చిక్కు బ్రేకుల్లో ఉంది, ఈ మార్పులో ఖర్చు ఎంతవుతుందో తేల్చేది కూడా అవే. వీ బ్రేక్ చేతులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి లివర్ నొక్కినప్పుడు కేబుల్ ఎక్కువ దూరం లాగాలి. ఫ్లాట్ బార్ లివర్లు అలా లాగేటట్టే చేస్తారు. మామూలు రోడ్ లివర్లు, అంటే గేరూ బ్రేకూ కలిపి వచ్చే షిమానో క్లారిస్, సోరా లాంటివి, కేబుల్‌ని తక్కువ లాగుతాయి. వాటిని వీ బ్రేకులకి తగిలిస్తే లివర్ మెత్తగా దిగిపోయి బార్‌కి తగులుతుంది, రిమ్ మీద పట్టు మాత్రం రాదు. ప్యాడ్లు రిమ్‌కి అంటుకునేంత దగ్గరగా పెడితే కొంత పట్టొస్తుంది గానీ చక్రం ఏ కాస్త వంకర తిరిగినా రాసుకుంటుంది.

దీనికి దారులున్నాయి. వీ బ్రేకుల కోసమే చేసిన డ్రాప్ బార్ లివర్లు వస్తాయి, టెక్ట్రో ఆర్‌ఎల్520 అందులో అందరికీ తెలిసినది. అది వేస్తే ఉన్న బ్రేకులు ముట్టుకోనక్కర్లేదు, నా ఓటు దానికే. కాకపోతే అందులో గేర్ షిఫ్టర్ ఉండదు, గేర్లకి వేరే ఏర్పాటు కావాలి. రెండోది మినీ వీ బ్రేకులు, చేతులు 80, 90 మిల్లీమీటర్లే ఉంటాయి కాబట్టి రోడ్ లివర్లతో నడుస్తాయి. కానీ వాటి కేబుల్ టైరుకి బాగా దగ్గరగా పోతుంది, మీ 35 టైరూ పైన మడ్‌గార్డూ రెండూ దాని కింద పట్టడం కష్టం. మన ఊళ్ళో మడ్‌గార్డ్ తీసేసి వర్షాకాలం గడపలేం కదా. మూడోది ట్రావెల్ ఏజెంట్ అని ఒక చిన్న కప్పీ, బ్రేక్ దగ్గర పెడితే తక్కువ లాగుడుని ఎక్కువ చేస్తుంది. పని చేస్తుంది గానీ కేబుల్ అందులో గట్టిగా వంపు తిరుగుతుంది, మన ఉప్పుగాలికి అక్కడే ముందు అరుగుతుంది.

గేర్ల సంగతి బ్రేకులంత కష్టం కాదు. షిమానోలో 9 స్పీడ్ వరకూ వెనక డిరైలర్‌కి (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపేది) రోడ్ బైక్, ఎంటీబీ (మౌంటెన్ బైక్) కేబుల్ లాగుడు ఒకటే, 10 నుంచి వేరైపోయింది. మీది 7 కాబట్టి దిగులు లేదు. బార్ చివర దూర్చే బార్ ఎండ్ షిఫ్టర్లు పెట్టుకోండి. 8 స్పీడ్‌వి దొరికినా పర్లేదు, వెనక పళ్ళ చక్రాల మధ్య దూరం 7కి 5.0, 8కి 4.8 మిల్లీమీటర్లు, అంత తేడాకి కేబుల్ టెన్షన్ కాస్త సర్దితే చాలావరకు సరిపోతుంది. సరిపోకపోతే క్లిక్కులు లేని ఫ్రిక్షన్ మోడ్‌లోకి తిప్పి చేత్తో వెతుక్కుంటూ వెయ్యొచ్చు. ముందు మూడు పళ్ళ చక్రాలకి ఎటూ ఫ్రిక్షనే మేలు, ఎందుకంటే ముందు డిరైలర్ లాగుడు రోడ్‌కీ ఎంటీబీకీ వేరు, క్లిక్ షిఫ్టర్ పెడితే ఒకటి కుదిరితే ఇంకోటి కుదరదు.

గాజువాక చైన్

పైన చెప్పినదంతా సరే, కానీ బండి సైజు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఫ్లాట్ బార్ కోసం చేసిన ఫ్రేమ్‌కి పై గొట్టం పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే ఆ బార్ చేతుల్ని ముందుకి తీసుకెళ్ళదు. డ్రాప్ బార్ తీసుకెళ్తుంది. 80 మిల్లీమీటర్ల రీచ్ (ముందుకి సాగే పొడుగు) ఉన్న బార్ వేసి హుడ్ (బ్రేక్ లివర్ పైన చెయ్యి ఆన్చే భాగం) మీద చెయ్యి పెడితే ఇప్పుడున్న చోటు కంటే 10 సెంటీమీటర్ల పైనే ముందుకి సాగాలి. చేతుల తిమ్మిరితో బాధపడుతున్న మనిషికి అది మంచిది కాదు, బరువు ఇంకా చేతుల మీదే పడుతుంది.

కాబట్టి స్టెమ్, అంటే హ్యాండిల్‌ని బండికి కలిపి పట్టే ముక్క, మార్చాలి. ఇప్పుడు 100 ఉంటే 50, 60 మిల్లీమీటర్లది, వీలైతే పైకి లేచి ఉండేది. బార్ కూడా కాంపాక్ట్ రకం తీసుకోండి, రీచ్ 70, డ్రాప్ (కిందికి దిగే లోతు) 120 దగ్గర్లో ఉండేది. కొనేముందు మధ్యలో స్టెమ్ పట్టుకునే చోట మందం చూసుకోండి, 25.4 ఉంటుంది, 31.8 ఉంటుంది, పాత రోడ్ బార్లయితే 26.0 కూడా ఉంటుంది. 25.4కీ 26.0కీ తేడా కంటికి తెలియదు, బిగిస్తే మాత్రం పట్టదు.

ఇప్పటికే 50 స్టెమ్ ఉండి కూడా మీరు సాగి కూర్చుంటున్నారంటే ఆ ఫ్రేమ్ డ్రాప్ బార్‌కి పనికిరాదు, అంతే. అప్పుడు సెకండ్ హ్యాండ్ రోడ్ బైక్ వెతుక్కోవడమే చవక. లివర్లు, షిఫ్టర్లు, బార్, స్టెమ్, కేబుళ్ళు, టేప్, లేబర్ అన్నీ కలిపి ఒక కాగితం మీద రాసుకుని చూడండి, ఆ మొత్తం చూసి మనసు మారినవాళ్ళు చాలామంది ఉన్నారు.

సీతమ్మధార_ఫిజియో

నేను ఫిజియోథెరపిస్టుని, సైకిల్ పార్టుల జోలికి వెళ్ళను, చేతుల గురించి మాత్రం చెప్తాను. తిమ్మిరి ఏ వేళ్ళకి వస్తోందో చూడండి. చిటికెన వేలూ ఉంగరం వేలూ అయితే అరచేతి బయటి వైపు నుంచి వెళ్ళే అల్నార్ నరం నొక్కుకుంటోందన్నమాట. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు అయితే మణికట్టు మధ్యలో వెళ్ళే మీడియన్ నరం. సైకిల్ తొక్కేవాళ్ళలో మొదటిది చాలా మామూలు. చెయ్యి ఒకే చోట, మణికట్టు వెనక్కి వంగి, గంటలకొద్దీ బరువు మోస్తే వచ్చేది అది.

డ్రాప్ బార్‌తో పట్టు మార్చుకోవచ్చు, అందులో సందేహం లేదు. కానీ దానికంటే ముందు సీటు చూడండి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్ళు ముందుకి జారుతూనే ఉంటుంది, ఆ జారుడుని ఆపేది మీ అరచేతులే. స్పిరిట్ లెవెల్ పెట్టి సమం చెయ్యండి. ఫోన్‌లో ఉన్నదైనా సరిపోతుంది. నా దగ్గరికి ఈ ఇబ్బందితో వచ్చేవాళ్ళలో కొందరికి అది సర్దడమే చాలింది. ఇంటికొచ్చిన రోజంతా వేళ్ళు మొద్దుగా ఉన్నా, పట్టు తగ్గి చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా ఇక్కడ అడుగుతూ కూర్చోవద్దు, డాక్టర్‌కి చూపించండి.

మద్దిలపాలెం_హైబ్రిడ్

అందరికీ థ్యాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. కొలిచి చూశాను. స్టెమ్ 90, మధ్యలో మందం 25.4. తిమ్మిరి చిటికెన వేలికీ ఉంగరం వేలికీనే. సీటు ముక్కు నిజంగానే కిందికి ఉంది, కొన్నప్పటి నుంచీ అలాగే ఉంది, ఈ రోజే సమం చేశాను.

ఫిజియో గారూ, రోజంతా ఉండట్లేదండీ, అరగంటలో పోతుంది. గాజువాక అన్నా, అన్నీ కలిపి రాశాను, కొత్త రోడ్ బైక్‌కి దరిదాపుల్లో కూడా లేదు, కాబట్టి ఇంకా ఆశ వదులుకోలేదు. ఒకటే అడుగుతాను, గాలి విషయంలో నిజంగా తేడా ఉంటుందా, లేక అది నా భ్రమా?

ఉప్పుగాలి

భ్రమ కాదు. మీరు గంటకి 20లో తొక్కుతుంటే ఎదురుగాలి 15 ఉందనుకోండి, గాలికి మీరు 35లో దూసుకొస్తున్నట్టే లెక్క. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే గాలి లేని పొద్దున అదే 20లో ఉన్నదానికి మూడు రెట్లు. అందులో ఎక్కువ భాగం మీ ఒంటికి తగిలేదే, సైకిల్‌కి తగిలేది తక్కువ. ఫ్లాట్ బార్ 600 పైన వెడల్పు ఉంటుంది, చేతులు చాపి ఛాతీ గాలికి అప్పగించినట్టు కూర్చుంటాం. డ్రాప్ బార్ 420, 440 వెడల్పు, మోచేతులు లోపలికొస్తాయి, కింద పట్టుకుంటే తలా భుజాలూ దిగుతాయి. మంగమారిపేట దగ్గర ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

అయితే డబ్బు పెట్టేముందు చవగ్గా పరీక్షించుకునే మార్గం ఒకటుంది. చిన్న బార్ ఎండ్లు (కొమ్ముల్లాంటి అదనపు పిడులు, షిఫ్టర్లు కావు) కొని, వాటిని బార్ చివర్లో కాకుండా గ్రిప్‌కీ బ్రేక్ లివర్‌కీ లోపలి వైపు బిగించండి, మధ్యకి దగ్గరగా. హుడ్ మీద చేతులు పెట్టినట్టే ఉంటుంది. బ్రేక్ మాత్రం చేతికి అందదు కాబట్టి రుషికొండ రద్దీలో అలా పట్టుకోవద్దు, ఖాళీ రోడ్డు మీదే. ఆ పట్టులో నడుమూ మెడా బాగున్నాయనిపిస్తే డ్రాప్ బార్ మీకు నప్పుతుంది. నడుము పట్టేస్తే ఎంత ఖరీదైన బార్ వేసినా నప్పదు. బటర్‌ఫ్లై బార్ అని ఇంకోటి ఉంది, చెయ్యి పట్టుకునే చోట 22.2 మందమే కాబట్టి ఉన్న లివర్లూ షిఫ్టర్లూ అన్నీ అలాగే ఎక్కుతాయి. చేతులకి మూడు నాలుగు పట్లు ఇస్తుంది, గాలికి అంతగా ఉపయోగపడదు. చేతులొక్కటే మీ బాధ అయితే నేను అదే చెప్పేవాణ్ణి.

బ్రెవే గురించి మాత్రం కంగారు వద్దు. 200కి పదమూడున్నర గంటలిస్తారు, డ్రాప్ బార్ ఉండాలన్న నియమమేదీ లేదు, ఫ్లాట్ బార్ మీద పూర్తి చేసేవాళ్ళు ఎంతోమంది.

పూర్ణామార్కెట్_స్పానర్

చదువుతూ ఉన్నాను, ఒకటి చెప్పాలి. సముద్రం పక్కన ఉండేవాళ్ళం మనం, ఈ పని చేయించేటప్పుడు ప్రతి బోల్టుకీ గ్రీజు రాయించండి. అల్యూమినియం స్టెమ్‌లో ఇనుప బోల్టు ఉప్పు తేమకి కరుచుకుపోతుంది, రెండేళ్ళ తర్వాత విప్పాలంటే తల అరిగిపోవడమే గానీ బోల్టు రాదు. డ్రాప్ బార్‌కి చుట్టే టేప్ కింద చెమటా ఉప్పూ చేరి అల్యూమినియంని తినేస్తాయి, పైకి ఏమీ కనపడదు. ఏడాదికోసారి టేప్ విప్పి బార్ తుడిచి చూడాలి, తెల్లటి పొడీ గుంటలూ కనిపిస్తే ఆ బార్ పక్కన పెట్టెయ్యాలి. బార్ విరిగితే మొహం మీదే పడతాం.

మద్దిలపాలెం_హైబ్రిడ్

అయితే ఇలా చేస్తాను. సీటు సమం చేశాను కాబట్టి బార్ ఎండ్లు లోపలికి బిగించి ఒకట్రెండు వారాలు తొక్కుతాను. ఒళ్ళు ఒప్పుకుంటే 50 స్టెమ్, కాంపాక్ట్ బార్, ఆర్‌ఎల్520, బార్ ఎండ్ షిఫ్టర్లు. ఉన్న కేబుళ్ళు వాడేసుకోవచ్చా, అవి కూడా మార్చాలా?

పూర్ణామార్కెట్_స్పానర్

మార్చాలి బాబూ. బార్ చివర నుంచి టేప్ కింద చుట్టూ తిరిగి రావాలి కాబట్టి ఉన్నవి పొడుగు చాలవు. బ్రేక్ కేబుల్ తల రోడ్‌ది వేరు, ఎంటీబీది వేరు, లివర్ చేతిలో పెట్టుకుని చూసి కొనండి. లోపలి తీగలు స్టెయిన్‌లెస్‌వే తీసుకోండి. పై తొడుగు విషయంలో మాత్రం ఎవరి మాటా వినొద్దు, గేర్ తొడుగు బ్రేక్‌కి వెయ్యనివ్వకండి. అందులో తీగలు నిలువుగా ఉంటాయి, గట్టిగా బ్రేక్ పట్టినప్పుడు చీలిపోతుంది.

టేప్ వెంటనే చుట్టించుకోవద్దు. ముందు కేబుళ్ళని బార్‌కి అక్కడక్కడా ఎలక్ట్రికల్ టేప్‌తో అంటించి, లివర్లు కాస్త పైకీ కిందికీ జరుపుకుంటూ బీచ్ రోడ్డులో తొక్కి చూడండి. పొద్దున్నే కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ వరకూ బళ్ళు రానివ్వరు కదా, ఆ టైమ్ బాగుంటుంది. పాకెట్లో 5 నంబర్ అలెన్ కీ పెట్టుకెళ్ళండి. లివర్ చోటు కుదిరాక తీసుకురండి, టేప్ అప్పుడు చుడదాం.